కంది వేరు, కల్లు లొట్టి, ఒకే ఒక్క మైక్రోస్కోపు

నేను బీఎస్సీ చదివిన లోకం ఎప్పుడు పోయిందని ఎవరైనా అడిగితే 2016లో అని చెబుతాను. ఆ ఏడాదే డిగ్రీ సీట్లు ‘దోస్త్’ పేరుతో ఆన్‌లైన్‌కు ఎక్కాయి. ఆ ఏడాదే ఏడాదికోసారి రాసే పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. అక్టోబరు 11న మా జిల్లా కూడా పోయింది. పెద్ద ఆదిలాబాద్‌లోంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ విడిపోయాయి. గోదావరికి ఇవతల కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల పుట్టాయి. నా పాత కాగితాల్లో లక్షెట్టిపేట, ఆదిలాబాద్ జిల్లా అని ఉంటుంది. ఇప్పుడు మా ఊరు మంచిర్యాల జిల్లా. ఆఫీసుల్లో ఆ కాగితం చూపిస్తే కుర్ర గుమస్తాలు ఒకసారి తలెత్తి చూస్తారు.

నేను చేరింది 2003లో. అప్పటికి శాతవాహన యూనివర్సిటీ లేదు, అది 2008లో వచ్చింది. మా హాల్‌టికెట్టు, మెమో, రీవాల్యుయేషన్ అన్నిటికీ వరంగల్‌లోని కాకతీయే దిక్కు. కరీంనగర్‌లో డిగ్రీ అంటే ముందు 1956 నాటి ఎస్సారార్ కాలేజీ పేరే చెప్పేవాళ్లు. మేము మాత్రం మంకమ్మతోట వైపు, కింద దుకాణాలు, పైన క్లాసులు ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో చేరాం. ఎంసెట్‌లో మెడిసిన్ ర్యాంకు రాని బైపీసీ పిల్లలకు అంతకుముందు బీజెడ్‌సీ ఒక్కటే దారి. అందులో బోటనీ తీసి మైక్రోబయాలజీ పెట్టి, ఎంజెడ్‌సీ అని కొత్త గ్రూపు తెచ్చారు. కరపత్రంలో మైక్రోస్కోపు బొమ్మ, దాని పక్కన ‘ఉజ్వల భవిష్యత్తు’. మా బాపు ఆ కరపత్రం రెండు వైపులా చూసి, “డాక్టరు సదువైతే కాకపాయె. గిదేదో డాక్టరు పక్కపొంటి సదువు అంటున్నరు. సదువుతవా మరి?” అన్నాడు. నేను సరే అన్నాను. అంతకు మించి ఆలోచించడానికి మాకు తెలిసిందేమీ లేదు.

లక్షెట్టిపేటలో బస్సెక్కితే రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరాలి. వానకాలం నది నిండుగా వస్తే పాత వంతెన మీంచి నీళ్లు పారేవి. అప్పుడు మంచిర్యాల, గోదావరిఖని, పెద్దపల్లి చుట్టూ తిరిగి పోవాల్సిందే. చేతిలో బియ్యం సంచి, సీసాలో మామిడికాయ తొక్కు, ఇంకో సంచిలో రికార్డు బుక్కులు. రూములో మాతో ఉట్నూరు పిల్లగాడొకడు, బెల్లంపల్లి గని కార్మికుడి కొడుకొకడు, కాగజ్‌నగర్ నుంచి ఒకడు ఉండేవాళ్లు. కాగజ్‌నగర్ వాడికి పేపర్ మిల్లు వాసన ఎంత అలవాటంటే, మా ల్యాబులో కుళ్లిన మీడియా వాసనకు అందరం ముక్కు మూసుకుంటే వాడు మాత్రం నిమ్మళంగా పని చేసుకునేవాడు. కిరోసిన్ స్టవ్ మీద వంతులవారీగా వంట. ఆదివారం రాత్రి ఎస్టీడీ బూతు దగ్గర క్యూ, ఊళ్లో ఫోనున్న ఇంటికి చేస్తే వాళ్లు అవ్వను పిలుచుకొచ్చేదాకా మీటరు తిరుగుతూ ఉండేది. ఈ రూము బతుకు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ల్యాబు గురించి ఎవరూ రాసినట్టు లేదు, అందుకే అక్కడికి వస్తాను.

ల్యాబు అంటే మూడో అంతస్తులో ఒక పొడవాటి గది. నల్ల కడప రాళ్లు పరిచిన బల్లలు. గ్యాసు లైను లేదు, బన్సెన్ బర్నరు బొమ్మ పుస్తకంలోనే చూశాం. మా చేతిలో ఉన్నది స్పిరిట్ దీపం. నైక్రోమ్ తీగ లూపును ఆ మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక కల్చరు ముట్టుకోవాలి. మంట దగ్గర గాలి పైకి లేస్తుంది కాబట్టి ప్లేటు మూత మంట పక్కనే, వేలెడంత మాత్రమే తెరవాలి. అందుకే ప్రాక్టికల్ జరిగినంతసేపూ ఫ్యాన్లు బంద్. మార్చి నెల మధ్యాహ్నం కరీంనగర్‌లో, కిటికీలు మూసిన గదిలో, ఇరవై దీపాల ముందు ఎట్లుంటుందో ఊహించుకోండి. ఇంక్యుబేటర్ 37 డిగ్రీల దగ్గర ఉండాలి. కరెంటు కోత ఉన్న రోజుల్లో అది ఆగిపోయినా బ్యాక్టీరియాకు పెద్ద నష్టం ఉండేది కాదు, గదికీ దానికీ తేడా అంత తక్కువ. బూజుల ప్రాక్టికల్ మాత్రం మా మైక్రోబయాలజీ సారు డిసెంబరుకు పెట్టుకునేవాడు. ఫంగస్‌కు పాతిక డిగ్రీల చల్లదనం కావాలి, ఆ నెల్లో అల్మారా అరే సరిపోయేది.

ఆటోక్లేవ్ ఉంది కానీ దాని రబ్బరు వాషరు అరిగి ఎప్పుడూ ఆవిరి కారేది. అది మొరాయించిన రోజు అటెండర్ కాకా తన ఇంటి నుంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చేవాడు. ఇది విని నవ్వేవాళ్లుంటారు. చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి వద్ద ఆవిరి వేడి 121 డిగ్రీలకు చేరుతుంది, దాంట్లో 15 నిమిషాలు ఉంచితే గట్టి స్పోర్లు కూడా చస్తాయి. వంటింటి కుక్కరు వెయిట్ లేచేది కూడా దాదాపు అదే ఒత్తిడికి. కాకా విజిళ్లు లెక్కపెట్టేవాడు కాదు. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి గోడ గడియారం చూసేవాడు. ఆయన పదో తరగతి దాటలేదు, స్టెరిలైజేషన్ గురించి మాకు తెలిసిందాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

గాజు పెట్రి ప్లేట్లను పాత పేపర్లలో చుట్టి ఆటోక్లేవ్‌లో పెట్టేవాళ్లం. బయటికి తీసేసరికి కాగితం గోధుమ రంగుకు మారి, తడి ఆవిరి వాసన వేసేది. అప్పుడెప్పుడో వచ్చిన సినిమా వార్తలు, పత్తి ధరలు వాటి మీద చదువుకుంటూ విప్పేవాళ్లం. అగర్ కరగాలంటే మరిగే నీళ్లంత వేడి కావాలి, కరిగింది గడ్డకట్టేది మాత్రం నలభై డిగ్రీల దరిదాపుల్లో. మరీ వేడిగా పోస్తే మూతకు నీటి చుక్కలు పడతాయి, ఆలస్యమైతే ఫ్లాస్కులోనే జున్నులా గడ్డకడుతుంది. థర్మామీటరు ముంచితే కలుషితమవుతుంది. కాకా ఫ్లాస్కును చెంపకు ఆనించుకుని, “ఆగుండ్రి” అనేవాడు, కొంచెంసేపటికి మళ్లీ ఆనించుకుని “ఇగ పొయ్యుండ్రి” అనేవాడు. ఈ అగర్ సంగతి కూడా వంటింట్లోంచి వచ్చిందేనని సారు చెప్పాడు. 1881 ప్రాంతంలో రాబర్ట్ కాక్ ల్యాబులో జెలటిన్ ఎండకు కరిగిపోతుంటే, అక్కడ పనిచేసే వాల్టర్ హెస్ భార్య ఫానీ, తాను జామ్, జెల్లీల్లో వాడే అగర్ వేసి చూడమన్నదట. పెట్రి ప్లేటు 1887లో వచ్చింది. అగర్ డబ్బా ఖరీదు చూస్తే మాత్రం మా ల్యాబుకు గుండె ఆగేది. హైమీడియా వాళ్ల సీసాకు తాళం వేసి, తూకం వేసి ఇచ్చేవాళ్లు. పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్‌కు రెడీమేడ్ పొడి ఉంటుందని నాకు ఫైనలియర్‌లో గానీ తెలియదు. మేమైతే కూరగాయల మార్కెట్లో ఆలుగడ్డలు కొనుక్కొచ్చి, లీటరుకు 200 గ్రాములు ఉడకబెట్టి, బట్టలో వడగట్టేవాళ్లం. ఉడికిన ముక్కలు ఉప్పు కారం చల్లుకుని తినేవాళ్లం. ల్యాబులో ఏదీ తినకూడదన్నది మొదటి నియమం. అది బోర్డు మీద కూడా రాసి ఉండేది.

నూనె వేసి చూసే వంద రెట్ల లెన్సు ఉన్న మైక్రోస్కోపు క్లాసంతటికీ ఒక్కటే. అది సారు టేబుల్ మీద, పాత చీర ముక్క కప్పుకుని ఉండేది. మొట్టమొదట చూసింది పంటి పాచి. పుల్లతో గీకి స్లైడు మీద నీటి చుక్కలో పరిచి, ఆరబెట్టి, మంట మీద మూడుసార్లు ఆడించి, క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం. తర్వాతది కష్టమైన పని. ఆల్కహాలు చుక్కచుక్కగా పోస్తూ, స్లైడు నుంచి ఊదా రంగు కారడం ఆగగానే ఆపెయ్యాలి. ఒక్క క్షణం ఎక్కువైతే గ్రామ్ పాజిటివ్ కూడా రంగు విడిచేస్తుంది. ఆఖర్న సాఫ్రనిన్. 1884లో డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ గ్రామ్ మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ వాడుతున్నారు. లైను కట్టి ఒక్కొక్కరం కన్ను ఆనించేవాళ్లం. ముందు వెలుగు తప్ప ఏమీ కనబడదు. ఫైన్ అడ్జస్ట్‌మెంటు రవ్వంత తిప్పితే ఊదా గుండ్లు, ఎర్ర కడ్డీలు ఒక్కసారి తేలి వస్తాయి. వెనక నిలబడ్డోడు “చూసింది చాలు, జరుగుర బై” అంటాడు. చూసినవాళ్లలో చాలామందికి ఆ రోజు నుంచి వేపపుల్ల మీద గౌరవం పెరిగింది.

కల్చర్లు కొనే స్తోమత లేదు. కాబట్టి మా బ్యాక్టీరియా అంతా మా ఊళ్లదే. పెరుగు హోటల్ నుంచి, బురద మానేరు నుంచి, నీళ్లు హాస్టల్ బోరు నుంచి. కల్లు సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, కరీంనగర్‌లో ఈస్టు చదువుకుని కల్లు గురించి చెప్పకపోతే బాగుండదు. టౌనులో దొరికే కల్లు మందు కలిపిందని అందరికీ తెలుసు, అందులో జీవముండదని సారు వద్దన్నాడు. ఊరు దాటి తాటివనంలో గౌడ్ దగ్గరికి వెళ్లి, పొద్దున్నే చెట్టు దిగిన లొట్టి నుంచి పోయించుకుని వచ్చాం. చెట్టు మీంచి కారే చుక్క తియ్యటి నీళ్లే. లొట్టిలో నిన్నటి కల్లు తాలూకు తడి ఉంటుంది, దాంట్లోని ఈస్టు గంటల్లోనే చక్కెరను సారాయం చేస్తుంది. లొట్టికి సున్నం పూస్తే పులియదు, అది నీరా. స్లైడు మీద చూస్తే మొగ్గలు తొడిగిన ఈస్టు కణాల మధ్య చురుగ్గా కదిలే బ్యాక్టీరియా కూడా కనబడింది. కల్లుకు సారాయం పుట్టించేది ఈస్టు ఒక్కటే కాదని, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా చక్కెరను సారాయం చేస్తుందని పెల్జార్ పుస్తకంలో వెతికి చదివాం. గౌడ్‌కు ఈ సంగతి చెబితే, “మీరు పేరు పెట్టిండ్రు గంతే. లొట్టి కడిగితే కల్లు ఎక్కదని మా తాతకు ఎర్కనే” అన్నాడు. అనడానికి మాకేం మిగల్లేదు. మిగిలిన కల్లు ల్యాబుకు తిరిగి చేరిందా లేదా అన్నది ఇక్కడ రాయను.

నాకు అన్నిటికన్నా గుర్తుండేది కంది వేరు. మా బాపు పత్తి సాళ్ల మధ్య కంది వేసేవాడు. సెప్టెంబరులో ఊరికి పోయినప్పుడు మొక్కను మట్టితో సహా తవ్వి, తడి గోనెలో చుట్టి బస్సులో పట్టుకొచ్చాను. వేరు కడిగితే చిన్నచిన్న బుడిపెలు. బ్లేడుతో ఒక బుడిపెను రెండు చేస్తే లోపల గులాబీ రంగు. అది లెగ్‌హిమోగ్లోబిన్, మన నెత్తురుకు రంగునిచ్చే హిమోగ్లోబిన్‌కు చుట్టం. ఆక్సిజన్‌ను అదుపులో పెట్టి, లోపలున్న రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టుకునేట్టు చేస్తుంది. గులాబీ రంగు లేని తెల్ల బుడిపె పని చేయనిదన్నట్టు, ఆకుపచ్చకు తిరిగింది ముసలిదైనట్టు. బుడిపెను మెర్క్యురిక్ క్లోరైడ్‌లో ముంచి, స్టెరైల్ నీళ్లతో కడిగి, నలిపి, కాంగో రెడ్ కలిపిన మీడియా మీద గీస్తే మూడో రోజుకు తెల్లటి, జిగురు కాలనీలు లేచాయి. మిగతా బ్యాక్టీరియా ఆ ఎరుపు పీల్చుకుంటుంది, రైజోబియం పెద్దగా అంటించుకోదు. బేయరింక్ హాలండ్‌లో దీన్ని వేరుచేసింది 1888లో. దసరాకు ఇంటికి పోయి బాపుకు చెబితే ఆయన కాసేపు విని, “కంది ఏసిన చెల్కల వచ్చే ఏడు యూరియా తక్కువ పడుతది. గా పురుగు పనేనా అది?” అన్నాడు. వ్యవసాయ శాఖ వాళ్లిచ్చే 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్టు బెల్లం నీళ్లతో విత్తనాలకు పట్టించడం ఆయనకు తెలుసు. నల్లటి ఆ పొడిలో బతికున్నదేదో ఉందన్నది మాత్రం తెలియదు. మరుసటి ఏడాది ఎండలో పెట్టిన ప్యాకెట్టు పారేసి కొత్తది తెచ్చాడు. మూడేళ్ల చదువులో మా చేనుకు పనికొచ్చింది ఇదొక్కటే, అయినా తక్కువేమీ కాదు.

పుస్తకాల బాధ వేరే ఉండేది. మాలో సగం మంది ఇంటర్ తెలుగు మీడియం. మా సిలబస్‌కు సరిపోయే తెలుగు పుస్తకం మా చేతికి రాలేదు. పెల్జార్, ప్రెస్కాట్, దూబే-మహేశ్వరి, మెడికల్ భాగానికి అనంతనారాయణ్-పణిక్కర్, అన్నీ ఇంగ్లిషే. సారు పాఠం తెలుగులో చెప్పి నోట్సు ఇంగ్లిషులో రాయించేవాడు. ఆ నోట్సు సీనియర్ల నుంచి జూనియర్లకు జిరాక్స్ మీద జిరాక్స్‌గా దిగి, మా దాకా వచ్చేసరికి పక్కలు తెగిపోయి, కొన్ని బ్యాక్టీరియా పేర్లకు తోకలు ఉండేవి కావు. పరీక్ష ఏడాదికి ఒక్కసారి. ఇది మంచిదని నేననను, ఒక్క మార్చిలో జ్వరం వస్తే ఏడాది పోయేది. కానీ జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ఎవరూ మమ్మల్ని తరిమేవాళ్లు కారు. ఒక ప్లేటు పాడైతే మళ్లీ పోసేవాళ్లం, ఒక మొక్క వేరు ఎండిపోతే ఇంకో వారం ఇంకో మొక్క. ఇప్పుడు పదిహేను వారాల్లో సెమిస్టరు ముగించాల్సిన పిల్లలకు ఆ తీరిక ఎక్కడిది? ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చేవాడు. ఆయన టీ తాగే వేళకు మా స్లైడులో ఫోకస్ కుదరాలని మొక్కుకునేవాళ్లం.

సిలబస్‌లో లేనిది ఇంకొకటి ఉండేది, అది గోదావరి అవతల. వానలు పడగానే ఆదిలాబాద్ ఏజెన్సీలో జ్వరాలు, వాంతులు, విరేచనాలు. మా రూములోని ఉట్నూరు వాడు గోండు పిల్లగాడు. జులైలో ఇంటికి పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పోయిన వార్త పట్టుకొచ్చేవాడు. ఒకసారి వాడు గూడెం వాగు నీళ్లు బాటిల్లో పట్టుకొచ్చాడు. నీటి పరీక్ష మా సిలబస్‌లో ఉన్నదే. మెకాంకీ బ్రాత్ పోసిన టెస్ట్‌ట్యూబుల్లో, బోర్లించిన చిన్న డర్‌హామ్ ట్యూబు పెట్టి, పది మిల్లీలీటర్లు, ఒకటి, పదోవంతు చొప్పున నీళ్లు కలిపి 37 డిగ్రీల్లో ఉంచాలి. తెల్లారి చూస్తే ఊదా రంగు పసుపు అయింది, డర్‌హామ్ ట్యూబులన్నిట్లో గాలి బుడగలు. బ్యాక్టీరియా లెక్క చెప్పే పట్టికలో ఆ వరుసకున్న అంకె ఆఖరిది, అంటే అన్నిటికన్నా ఎక్కువ. ఈఎంబీ అగర్ మీద గీస్తే ఆకుపచ్చ లోహపు మెరుపుతో కాలనీలు, ఈ.కోలై గుర్తు అదే. సారు రికార్డులో టిక్కు పెట్టి బాగుందన్నాడు. వాడు ప్లేటు చేతిలో పట్టుకుని, “బాగున్నది సార్, మా వోళ్లు గివే నీళ్లు తాగుతరు” అన్నాడు. సారు ఆ తర్వాతి క్లాసు పాఠం ఆపి, నీళ్లు మరగబెట్టడం, క్లోరిన్ బిళ్ల ఎంత నీటికి ఎంత, చేదబావిలో బ్లీచింగ్ పౌడరు ఎట్లా కలపాలి, అన్నీ తెలుగులో, రాయించకుండా చెప్పాడు. నేను విన్న మంచి పాఠాల్లో అదొకటి.

మలేరియా జీవి బ్యాక్టీరియా కాదు, కాబట్టి మా పేపర్లో దానికి చోటు తక్కువ. అయితే సెలవుల్లో ఉట్నూరు పోయినప్పుడు అక్కడి ల్యాబు టెక్నీషియన్ పని చూశాం. వేలి కొస నుంచి చుక్క తీసి మందంగా పరిచి, జేఎస్‌బీ స్టెయిన్‌లో ముంచి తీసేవాడు. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే మనవాళ్లు ప్రభుత్వ మలేరియా ల్యాబుల కోసం చవగ్గా తయారుచేసిన రంగు అది. మాకు గంట పట్టే పనిని ఆయన కొన్ని నిమిషాల్లో చేసేవాడు, సీజనులో స్లైడ్లు కుప్పలు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ జీవిని చూశాడని ప్రతి పోటీ పరీక్షలో అడుగుతారు. నూరేళ్లు దాటినా ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన రాష్ట్రంలోనే, అదే దోమ కాటుకు అప్పట్లో గూడేలు ఖాళీ అవుతుండేవన్నది ఎవరూ అడగరు.

మేము ఫైనల్ పరీక్షలు రాసిన 2006లో చికెన్‌గున్యా రాష్ట్రమంతా పాకింది. ఇంటింటా కీళ్లు పట్టుకుని మంచాన పడ్డారు. కోళ్ల వల్లే వస్తోందని చికెన్ తినడం మానేశారు, పైగా ఆ ఫిబ్రవరిలోనే మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడి ఉండె. పేరులో చికెన్ ఉన్నా దానికీ కోడికీ సంబంధం లేదని, పగటిపూట కుట్టే ఏడిస్ దోమ పని అని చెప్పడానికి మా ఊళ్లో మైక్రోబయాలజీ చదివిన నన్నే పిలిచారు. గోళెంలో నీళ్లు పారబోయమన్నాను. మూడు రోజులకోసారి నల్లా వచ్చే ఊళ్లో నీళ్లు పారబోయమనేవాడి మాట ఎవరు వింటారు?

ఆ తర్వాత అందరం చెట్టుకొకరు పుట్టకొకరు. కొందరు జీడిమెట్ల, పటాన్‌చెరు ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో చేరారు. అక్కడ తెల్ల గౌనులో, ఫిల్టరు గాలిలో, ప్లాస్టిక్ ప్లేట్ల మీద పని. కొందరు డీఎంఎల్‌టీ చేసి ల్యాబులు పెట్టుకున్నారు, ఇద్దరు ముగ్గురు కాకతీయలో, ఉస్మానియాలో ఎమ్మెస్సీకి పోయారు. ఉట్నూరు వాడు బీఎడ్ చేసి టీచరయ్యాడు. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక మా తర్వాతి పిల్లలు ఇంజినీరింగ్ వైపు మళ్లారు. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నాటికి మా కాలేజీ ల్యాబులో బ్యాచ్ సగానికి పడిపోయిందని సారు చెప్పాడు. ఇప్పుడు అక్కడ ఒక ఫంక్షన్ హాలుంది.

2020 లాక్‌డౌన్‌లో మళ్లీ మాకు గిరాకీ వచ్చింది. ఆర్టీపీసీఆర్ అంటే ఏంది, వైరస్ బట్టల మీద ఎన్ని గంటలుంటది, మాస్కు ఉడకబెట్టొచ్చా అని ఊరి నుంచి ఒకటే ఫోన్లు. ఒకరోజు మా చిన్న కాక చేశాడు.

“శానిటైజర్ సీసా మీద 70 శాతం అని రాసిండ్రు. పైసలు మాత్రం మొత్తం తీసుకున్నరు. 100 శాతంది దొరకదా?”

పూర్తి ఆల్కహాలు సూక్ష్మజీవి పైపొరను గబుక్కున గట్టిపరిచి ఆవిరైపోతుందని, నీళ్లు కలిస్తేనే లోపలికి దిగి, చంపేదాకా నిలబడుతుందని, ల్యాబులో మేము బల్లలు తుడిచింది కూడా 70 శాతందేనని చెప్పాను.

కాక కొంచెంసేపు ఆలోచించాడు.

“అంటే నీళ్లు కలుపుకుంటెనే పని చేస్తదన్నట్టు. గీ ముచ్చట మీ కాకికి జర నువ్వే ఫోన్ల చెప్పు బిడ్డా, నేను చెప్తే నమ్మది.”